199 డాలర్ల ఆర్లాండో ట్రిప్: ఒక టైమ్‌షేర్ ప్రెజెంటేషన్ కేసు, మొత్తం లెక్కలతో

ఈ కేసు మా పిన్ని కొడుకుది. వాడూ మరదలూ సరేనన్నాకే రాస్తున్నాను. వాళ్ళ పేర్లు, రిసార్టు పేరు తీసేశాను. డబ్బు లెక్కలు, తేదీలు, అక్కడ నడిచిన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మేం ఉండేది నార్త్ కరోలినాలో, షార్లట్‌లో. 2014 నుంచి ఇప్పటిదాకా టైమ్‌షేర్, అంటే రిసార్టులో ఏడాదికో వారం ఉండే హక్కు, అమ్మే ప్రెజెంటేషన్లకు 11 సార్లు కూర్చున్నాను. ఎక్కువగా ఆర్లాండో, మర్టిల్ బీచ్, గాట్లిన్‌బర్గ్, విలియమ్స్‌బర్గ్, ఒక్కసారి బ్రాన్సన్. ఎక్కడా కొనలేదు. ఆ 11 ట్రిప్పుల ఖర్చూ ఒక నోట్‌బుక్కులో రాసి ఉంది. ఈ సంగతి తెలిసి మావాళ్ళూ, ఇక్కడి తెలుగువాళ్ళూ డీల్ కాగితం నాకు పంపి “ఇది తీసుకోవచ్చా?” అని అడుగుతుంటారు. ఈ కేసులోనూ కాగితం చదివింది నేనే, వెళ్ళమన్నదీ నేనే. కాబట్టి ఇందులో తప్పినదాంట్లో నా వాటా కూడా ఉంది.

డీల్ ఏమిటి

2023 ఆగస్టులో తమ్ముడికి ఫోనొచ్చింది. ఏదో హోటల్లో దిగినప్పుడు ఇచ్చిన నంబరు వాళ్ళ దగ్గరుంది. ఫ్లారిడాలోని ఆర్లాండోలో 4 పగళ్ళు, 3 రాత్రులు. 199 డాలర్లు, టాక్సు కూడా అందులోనే. వెళ్ళొచ్చేటప్పుడు 100 డాలర్ల ప్రీపెయిడ్ కార్డు ఇస్తారు. అందుకు బదులుగా భార్యాభర్తలిద్దరూ ఒక పూట 120 నిమిషాలు కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలి.

టైమ్‌షేర్‌లో ఇప్పుడు వారాల బదులు ఎక్కువగా పాయింట్లని (గదికీ రోజులకూ మార్చుకునే లెక్క) అమ్ముతున్నారు. ఇరవై వేల డాలర్ల వస్తువును ఫోన్లో అమ్మలేరు. మనిషి అక్కడికి రావాలి, ఆ గదిలో పడుకోవాలి, బాల్కనీలో కాఫీ తాగాలి. అందుకే ఖాళీగా ఉన్న గదులను కారుచౌకగా ఇచ్చి మనుషుల్ని రప్పించుకుంటారు. వచ్చినవాళ్ళలో కొద్దిమంది సంతకం పెట్టినా మిగతా అందరి గదుల ఖర్చూ వచ్చేస్తుంది. ఆర్లాండోలో ఇది ఇంత పెద్ద వ్యాపారం కావడానికి కారణం దూరం వెతకక్కర్లేదు. 1971లో డిస్నీ వరల్డ్ తెరిచారు. హాలిడే ఇన్ హోటళ్ళు స్థాపించిన కెమన్స్ విల్సన్ 1982లో దానికి ఆనుకునే కిసిమీలో ఆరెంజ్ లేక్ రిసార్టు మొదలుపెట్టాడు. ఆ తర్వాత 192 రోడ్డు పొడుగునా, ఇంటర్నేషనల్ డ్రైవ్ మీదా ఇలాంటివి చాలా వెలిశాయి. మా కేసు ఆరెంజ్ లేక్‌ది కాదు, కిసిమీ వైపే మరోచోటిది.

అప్పటికి పిన్ని, బాబాయ్ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. పిల్లలకు ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. తాతయ్య, నానమ్మ ఉండగా పిల్లల్ని డిస్నీకి తీసుకెళ్ళాలని తమ్ముడి కోరిక.

కార్డు నంబరు చెప్పకముందే షరతులన్నీ ఈమెయిల్‌లో పంపమని అడగమన్నాను. నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇదే. కాగితం పంపకుండా “ఇప్పుడే కట్టండి, ఆఫర్ ఈ కాల్‌తో అయిపోతుంది” అంటే అక్కడితో ఫోన్ పెట్టేయాలి. వీళ్ళు పంపారు. ఫ్లారిడాలో ఇలాంటి ప్రకటన మీద “ఇది టైమ్‌షేర్ అమ్మకం కోసం వాడుతున్న ప్రకటన” అని తెలిసేలా రాయాలని చట్టం ఉంది. వీళ్ళ కాగితంలో ఆ వాక్యం ఉంది. ఇచ్చేది రిసార్టు కట్టిన కంపెనీయేనా, మధ్యవాళ్ళా అని కూడా చూశాను. కంపెనీయే. మధ్యవాళ్ళ కూపన్లు తీసుకుని తేదీలు దొరక్క డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

షరతుల్లో చాలావరకు అందరూ పెట్టేవే. ఇంటి ఆదాయం ఏడాదికి 50,000 డాలర్లు దాటాలి. భార్యాభర్తలు ఇద్దరూ గుర్తింపు కార్డులతో రావాలి, చివరిదాకా ఉండాలి. డెబిట్ కార్డు పనికిరాదు, క్రెడిట్ కార్డే కావాలి. గత 12 నెలల్లో ఆ కంపెనీ ప్రెజెంటేషన్ చూసి ఉండకూడదు. కూర్చోకపోతే, లేదా ఒక్కరే వస్తే, గదికి మామూలు రేటు మొత్తం కార్డు మీద వేసేస్తారు. వంద మంది పట్టించుకోకుండా సంతకం పెట్టే షరతు ఇది. మాకు తెలిసిన ఒకాయన భార్యకు జ్వరమని ఒక్కడే వెళ్ళి కూర్చుని, నెల తర్వాత కార్డు బిల్లులో పూర్తి రేటు చూశాడు.

అసలు చిక్కు మాత్రం ఎవరూ చదవని చోట ఉంది. గది నలుగురికే. వీళ్ళు ఆరుగురు.

“పెద్దవాళ్ళిద్దరే కదక్కా, ఎవరు చూస్తారు?” అన్నాడు తమ్ముడు.

“చూస్తార్రా. చెకిన్‌లో అడుగుతారు. పిన్నిని, బాబాయ్‌ని కారులో దాచి లోపలికి తీసుకెళ్ళే ట్రిప్పు మనకెందుకు?” అన్నాను.

మళ్ళీ ఫోన్ చేస్తే రెండు బెడ్‌రూముల విల్లాకు మారడానికి రాత్రికి 50 డాలర్లు అదనం అన్నారు. దానికి ఒప్పుకున్నాం. విజిట్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు ప్రెజెంటేషన్‌కి రానక్కర్లేదని కూడా రాయించుకున్నాం.

వెళ్ళకముందు వేసిన లెక్క

ఫోన్లో అమ్మాయి చెప్పిన లెక్క వేరు. ఆ రెండు బెడ్‌రూముల విల్లా బయటి రేటు రాత్రికి 260, రిసార్ట్ ఫీజు (గది అద్దె పైన రోజూ వేసే చార్జీ) 30. మూడు రాత్రులకు 870. అక్కడ అమ్మకం పన్ను, టూరిస్టు పన్ను కలిపి 13.5 శాతం. మొత్తం 987 డాలర్లు. “199కే వస్తోంది, దాదాపు 790 మిగులు” అంది.

నా లెక్కలో మొదటి ప్రశ్న వేరే ఉంటుంది. ఈ డీల్ లేకపోతే వీళ్ళు ఎక్కడ దిగేవాళ్ళు? తమ్ముడు రాత్రికి 260 పెట్టి విల్లా తీసుకునే మనిషి కాదు. 95 డాలర్ల హోటల్ గదులు రెండు తీసుకునేవాడు. మూడు రాత్రులకు 570, పన్నుతో 646.95. పోల్చాల్సింది దాంతో.

ఇటు డీల్ ఖర్చు: ప్యాకేజీ 199. పెద్ద విల్లాకు అదనం 150, పన్నుతో 170.25. రిసార్ట్ ఫీజు 90, పన్నుతో 102.15. మొత్తం 471.40. అంటే 199 కాస్తా గుమ్మం దగ్గరికి చేరేసరికి 471 అయింది. చేతికొచ్చే 100 డాలర్ల కార్డు తీసేస్తే 371.40. నిజమైన మిగులు 275.55.

790 కాదు, 275. అయినా మంచిదే. ఇద్దరు మనుషులు రెండేసి గంటలు కూర్చుంటే మొత్తం నాలుగు గంటలు, గంటకు దాదాపు 69 డాలర్ల కూలి. నోట్‌బుక్కులో నేను కూలి అనే రాసుకుంటాను. ఉచితం, బహుమతి అనే మాటలు నెత్తికెక్కితే అవతలివాళ్ళకు మనం రుణపడ్డట్టు అనిపిస్తుంది. మనం సమయం ఇస్తున్నాం, వాళ్ళు గది ఇస్తున్నారు. ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

కొనే ఉద్దేశం లేకుండా వెళ్ళడం మోసం కాదా అని నన్ను చాలామంది అడుగుతారు. కాగితంలో “కొనాల్సిన బాధ్యత లేదు” అని వాళ్ళే రాశారు. మనం ఆదాయం గురించి, పెళ్ళి గురించి అబద్ధం చెప్పకూడదు. చెప్పేది శ్రద్ధగా వినాలి. అబద్ధం చెబితే తప్పే, వద్దు అనడం తప్పు కాదు. నా మనసుకు ఈ లెక్క సరిపోయింది కాబట్టే ఇన్నిసార్లు వెళ్ళగలిగాను.

శుక్రవారం పొద్దున

2023 అక్టోబరు 12, గురువారం బయల్దేరారు. ఐ-77, ఐ-26, తర్వాత ఐ-95 పట్టుకుని దక్షిణానికి. ఆగుతూ వెళ్ళేసరికి పది గంటలు పట్టింది. డిక్కీలో రైస్ కుక్కర్, పది కిలోల సోనా మసూరి, గోంగూర పచ్చడి, కందిపొడి. విల్లాలో నాలుగు పొయ్యిల స్టవ్, పెద్ద ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఉన్నాయి. ఆ రాత్రి పిన్ని పప్పుచారు పెట్టింది. బాల్కనీలో అందరూ కూర్చుని తిన్నారు. ఎదురుగా చెరువు. బాబాయ్ చాలా సంతోషంగా ఫోటో పంపారు నాకు. ఆ ఫోటో గుర్తుంచుకోండి. మర్నాడు జరిగినదంతా దాని మీదే నడిచింది.

టూర్ శుక్రవారం 8.30కి పెట్టించాను. మొదటి స్లాటు తీసుకుంటే మిగతా రోజు మన చేతిలో ఉంటుంది. పిల్లల్ని పెద్దవాళ్ళ దగ్గర వదిలి ఇద్దరే వెళ్ళారు. ఇప్పుడైతే పిల్లల్ని కూడా తీసుకెళ్ళమంటాను. ఐదేళ్ళ పిల్లకి ఆకలేస్తే ఏ సేల్స్‌మనిషీ మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టలేడు.

కార్డులు చూశారు, ఆదాయం ఏ గడిలో వస్తుందో టిక్ పెట్టించుకున్నారు. కాఫీ, బేగెల్స్. ఒకావిడ వచ్చి కూర్చుంది. చాలా మర్యాదస్తురాలు. ముప్పావు గంట అమ్మకం మాటే ఎత్తలేదు. పిల్లల పేర్లు, ఉద్యోగాలు, తెనాలి ఎక్కడ. తర్వాత ఒక కాగితం నింపమంది. గత ఐదేళ్ళలో ఎక్కడికెళ్ళారు, ఏడాదికి హోటళ్ళకు ఎంత పెడుతున్నారు, రాబోయే రోజుల్లో ఎవరితో ఎక్కువ సెలవులు గడపాలనుంది.

మూడో ప్రశ్నకు తమ్ముడు “మా అమ్మానాన్నలతో” అని రాశాడు.

హోటళ్ళకు ఏడాదికి 2,500 అని రాశాడు. ఆవిడ దాన్ని ఏటా 5 శాతం పెంచుకుంటూ 20 ఏళ్ళు కూడింది. 82 వేలు దాటింది. “ఈ డబ్బు మీరు ఎలాగూ ఖర్చు పెడతారు, అద్దెకు పెడతారా, సొంతానికి పెడతారా?” అంది. ఆ లెక్కలో ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజు లేదు. ఆ ఫీజు కూడా పెరుగుతుందన్న సంగతి లేదు. రోజూ స్ప్రెడ్‌షీట్లతో పనిచేసే తమ్ముడికే అక్కడ అది తట్టలేదు. తెలివి తక్కువై కాదు. గంటసేపు మర్యాదగా మాట్లాడిన మనిషి లెక్కను తప్పు పట్టడానికి మనకు నోరు రాదు.

10.10కి మోడల్ విల్లా చూపించారు. 10.30కి రెండు గంటలూ నిండాయి. అసలు ధర కాగితం బయటికొచ్చింది ఆ తర్వాతే: 38,000. ఎక్కువన్నారు. అప్పుడు టేబుల్ దగ్గరికి రెండో మనిషి వచ్చాడు. ఈ వ్యాపారంలో అతన్ని టీఓ అంటారు. మొదటి మనిషి స్నేహం చేస్తే, రెండో మనిషి బేరం ముగిస్తాడు. ఈ ఒక్కరోజుకే 27,500 అన్నాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. అతని చేతిలో పొద్దున నింపిన కాగితం ఉంది.

“మీ అమ్మానాన్నల వయసెంత?” అని అడిగాడు.

నాన్నకు 68, అమ్మకు 63 అని చెప్పాడు.

“ఎన్నేళ్ళకోసారి వస్తారు?”

“రెండేళ్ళకోసారి.”

“ఇంకా ఎన్నిసార్లు అంత దూరం విమానం ఎక్కి రాగలరనుకుంటున్నారు?”

ఆ మాటకు తన దగ్గర జవాబు లేకపోయిందని తమ్ముడు తర్వాత నాతో అన్నాడు. ఎలా ఉంటుంది? ఈ దేశంలో ఉన్న మనలో ప్రతివాడూ రాత్రిపూట ఒంటరిగా వేసుకునే లెక్క అది. దాన్ని పరాయివాడు టేబుల్ మీద పెట్టాడు. నిన్న రాత్రి బాల్కనీలో నాన్న నవ్విన నవ్వు కళ్ళ ముందుంది. చివరి కాగితం 20,000, అందులో 2,000 ఇప్పుడు, మిగతాది పదేళ్ళలో, 15 శాతం వడ్డీ. నెలకు 290.

12.15కి ఇద్దరూ సంతకాలు పెట్టారు. బయటికొచ్చేసరికి 12.40. రెండు గంటల పని నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది.

రాత్రి 10.40

“అక్కా, సంతకం పెట్టేశాం” అన్నాడు. గొంతు బాగాలేదు. పక్కన మరదలు ఉంది. స్పీకర్‌లో పెట్టమని మొదట లెక్క చేశాం.

18,000 అప్పు, పదేళ్ళు, 15 శాతం. నెలకు 290.41 చొప్పున 34,849. ముందు కట్టిన 2,000తో 36,849. మెయింటెనెన్స్ ఫీజు ఏడాదికి 1,100 అని వేరే పేజీలో ఉంది. పెరగదనుకున్నా పదేళ్ళకు 11,000. మొత్తం 47,849. పెద్దవాళ్ళు రెండేళ్ళకోసారి వస్తే పదేళ్ళలో ఐదు ట్రిప్పులు. ఒక్కో వారానికి 9,570 డాలర్లు. అదే విల్లా వారం రోజులు బయటి రేటుకే, ఫీజులూ పన్నూ కలిపి తీసుకుంటే 2,304. పదేళ్ళూ ప్రతి ఏడూ వాడుకున్నా వారానికి 4,785 పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. తమ్ముడు హెచ్-1బి మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు వరసలో ఉన్నాడు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులు. తెనాలి వెళ్ళిపోయినా ఈ అప్పు ఆగదు, ఏటా ఫీజు ఆగదు. కట్టకపోతే వసూళ్ళవాళ్ళకు వెళ్తుంది, క్రెడిట్ పాడవుతుంది. అమ్మేద్దామన్నా వేల డాలర్లు పెట్టి కొన్న వారాలను ఒకట్రెండు డాలర్లకే వదిలించుకోడానికి జనం ఆన్‌లైన్లో పెట్టడం చూస్తూనే ఉన్నాం.

“మరి నువ్వెందుకు వద్దనలేదమ్మా?” అని మరదల్ని అడిగాను.

“అత్తయ్యావాళ్ళ కోసం అంటుంటే నేను వద్దంటే ఏం బాగుంటుంది వదినా? ఆయనకి కావాలేమో అనుకున్నా” అంది.

“నీకు నచ్చిందనుకున్నా నేను” అన్నాడు తమ్ముడు.

ఇద్దరికీ అక్కర్లేదు. ఇద్దరూ ఎదుటివాళ్ళకు కావాలేమో అనుకున్నారు. పరాయి మనిషి ఎదుట అత్తమామల గురించి మొగుడూ పెళ్ళాం వాదించుకోలేరు. అక్కడ ఒకరినొకరు పక్కకు తీసుకెళ్ళి మాట్లాడుకోడానికి నిమిషం ఖాళీ కూడా ఇవ్వరు.

నా తప్పు ఇక్కడే ఉంది. నలుగురి గది గురించి, కార్డు గురించి, రిసార్ట్ ఫీజు గురించి పది జాగ్రత్తలు చెప్పాను. ఇద్దరూ కూర్చుని జవాబు ముందే ఖాయం చేసుకోండని మాత్రం చెప్పలేదు. మా ఆయనకూ నాకూ ఆ మాట అవసరం పడలేదు కాబట్టి వీళ్ళకూ పడదనుకున్నాను. మా అత్తగారు, మామగారు ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

రద్దు ఉత్తరం

భయపడాల్సిన పని లేదన్నాను. కాగితాల్లో సంతకాలకు సరిగ్గా పైనున్న పేరా చదవమన్నాను. ఫ్లారిడా టైమ్‌షేర్ చట్టం, 721వ అధ్యాయం ప్రకారం సంతకం పెట్టిన రోజు నుంచి, లేదా ఇవ్వాల్సిన కాగితాలన్నీ అందిన రోజు నుంచి, ఏది తర్వాతైతే అప్పటి నుంచి 10 క్యాలెండర్ రోజుల్లోగా కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ హక్కు వదులుకున్నామని మన చేత రాయించుకున్నా చెల్లదు. మరదలు అది పైకి చదివింది. శుక్రవారం 13న సంతకం, కాబట్టి 23వ తేదీ అర్ధరాత్రి దాకా గడువు. అప్పటికి ఆ ఇంట్లో ఎవరూ భోజనం చెయ్యలేదట. ముందు తినండి అన్నాను.

పొద్దున సేల్స్ ఆఫీసుకి వెళ్ళి చెప్పేస్తామన్నారు. వద్దన్నాను. వెళ్తే మళ్ళీ ఒక టేబుల్, మళ్ళీ ఒక రెండో మనిషి. నోటి మాటతో ఏదీ రద్దు కాదు, ఉత్తరంతోనే అవుతుంది.

శనివారం పిల్లలు డిస్నీ చూశారు. ఆదివారం శరన్నవరాత్రులు మొదలు. పిన్ని సాయంత్రం దీపం వేళకు ఇంట్లో ఉండాలంది కాబట్టి తెల్లారకముందే బయల్దేరారు. ఆ రాత్రి నాలుగు వాక్యాల ఉత్తరం రాశాం. ఫలానా తేదీన, ఫలానా నంబరు ఒప్పందం మీద సంతకం చేశాం. దాన్ని రద్దు చేస్తున్నాం. కట్టిన 2,000 డాలర్లు కార్డుకి వెనక్కి వేయండి. ఇద్దరి పేర్లు, చిరునామా, ఇద్దరి సంతకాలు. కారణం ఒక్క ముక్క కూడా రాయలేదు. కారణం రాస్తే దానికి సమాధానం చెప్పడానికి ఫోన్ చేస్తారు.

చిరునామా రిసార్టుది కాదు. రద్దు ఉత్తరాలు ఎక్కడికి పంపాలో ఒప్పందంలోనే వేరేగా రాసి ఉంది, అక్కడికే పంపాలి. సోమవారం 16న షార్లట్ పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్, అందినట్టు రసీదుతో పంపారు. పది డాలర్ల లోపే అయింది. ఫ్లారిడాలో ఉత్తరం పంపిన తేదీయే లెక్క. ఉత్తరం, కవరు, రసీదు అన్నింటినీ ఫోటో తీసి పెట్టుకోమన్నాను.

శుక్రవారానికి రసీదు తిరిగొచ్చింది. మధ్యలో రిసార్టు నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. రెండోసారి 14,000కి ఇస్తామన్నారు. వారం కిందట ఈ ఒక్కరోజుకే 27,500 అని, చివరికి 20,000కి అమ్మిన వస్తువది. “ఉత్తరం పంపాం” అని తమ్ముడు పెట్టేశాడు. నవంబరు 3న 2,000 కార్డుకి వెనక్కి వచ్చింది. మిగిలిన నష్టమల్లా క్రెడిట్ రిపోర్టులో, అప్పు కోసం ఎవరో మన రిపోర్టు చూశారని పడే ఒక గుర్తు. అది రెండేళ్ళు కనబడుతుంది.

రాష్ట్రం మారితే గడువు మారుతుంది. టెనెసీలో రిసార్టు కళ్ళారా చూసి కొన్నవాళ్ళకు 10 రోజులు, వర్జీనియాలో 7, నెవాడాలో, మిస్సోరీలో 5. సంతకం పెట్టి లాస్‌వేగాస్‌లో ఇంకో నాలుగు రోజులు తిరిగి ఇంటికొచ్చేసరికి గడువు అయిపోయినవాళ్ళు ఉన్నారు. గడువు దాటాక బయటపడేస్తామంటూ వేల డాలర్లు ముందే తీసుకునే కంపెనీలు కొన్ని తయారవుతాయి. గడువులో ఉండగా వాళ్ళెవరూ అక్కర్లేదు, స్టాంపు చాలు.

ఇదంతా విని బాబాయ్ అన్నారు: “హైదరాబాద్ మాల్‌లో కూపన్ నింపితే మర్నాడు ఫోన్ చేసి, దంపతులిద్దరూ రండి, గిఫ్ట్ ఇస్తాం అంటారే, అదేగా అమ్మా ఇది.” అదే. అక్కడా ఇద్దర్నీ రమ్మనేది ఇందుకే. ఒక్కరే వస్తే ఇంటికెళ్ళి అడిగి చెబుతానంటారు.

ట్రిప్పు లెక్క మాత్రం నోట్‌బుక్కులో అలాగే రాశాను. మిగులు 275.55, పట్టిన సమయం ఇద్దరికీ కలిపి 8 గంటల 20 నిమిషాలు, గంటకు 33 డాలర్లు. ఉత్తరం ఖర్చు, ఒక నిద్రలేని రాత్రి పక్కన రాశాను.

మళ్ళీ వెళ్ళారు

2025 మార్చిలో తమ్ముడే ఫోన్ చేసి వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ అనే పాత చారిత్రక ఊరికి డీల్ ఉంది, వెళ్ళనా అన్నాడు. వద్దంటాననుకున్నాడు. కాగితం పంపమన్నాను. రెండు రాత్రులు 149, పన్నుతో సహా, నలుగురికి గది, రిసార్ట్ ఫీజు లేదు, 75 డాలర్ల కార్డు. పెద్దవాళ్ళు అప్పుడు తెనాలిలో ఉన్నారు, వీళ్ళు నలుగురే. కాగితం బాగుంది.

ఈసారి కాగితం గురించి ఎక్కువ మాట్లాడలేదు. దారిలో కారులో ఇద్దరూ ఒక్క వాక్యం ఖాయం చేసుకోవాలని చెప్పాను: “ఈ రోజు మేం ఏదీ కొనం.” అంతే. డబ్బు లేదంటే అప్పు చూపిస్తారు. ఆలోచిస్తామంటే ఈ రోజే ఆఖరంటారు. సెలవు దొరకదంటే పాయింట్లు దాచుకోవచ్చంటారు. ప్రతి కారణానికీ వాళ్ళ దగ్గర ఒక కాగితం ఉంది, ఆ వాక్యానికి లేదు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతుతో, నవ్వుతూ చెప్పాలి. ఎవరు చెప్పాలో కూడా ముందే అనుకోవాలి. వీళ్ళలో మరదలు చెబుతానంది. మేనేజరుకు చూపించడానికే అంటూ ఏ కాగితం పెట్టినా సంతకం చెయ్యొద్దు. లోపలికి వెళ్ళిన టైము ఉన్న కాగితాన్ని ఫోటో తీసుకోవాలి. ఇంట్లోవాళ్ళ గురించి అడిగే ప్రశ్నలకు ఖాళీ గడి వదిలేయాలి. పిల్లల్ని తీసుకెళ్ళాలి.

ఇంకో జాగ్రత్త చివరి టేబుల్ గురించి. అంతా అయ్యాక గిఫ్ట్ డెస్క్ దగ్గర ఇంకొకరు కూర్చుని, అభిప్రాయం అడుగుతున్నట్టే మొదలుపెట్టి చిన్న ప్యాకేజీ ఒకటి, రెండు మూడు వేలది, ముందు పెడతారు. పెద్దది తప్పించుకున్నామన్న హాయిలో మనుషులు అక్కడ పడిపోతారు. నా 11 సార్లలో నాకు కష్టమనిపించింది ఆ టేబులే.

9.00కి కూర్చున్నారు. రెండో మనిషి వచ్చి, పిల్లలకు చరిత్ర చూపించడం ఎంత ముఖ్యమో చెప్పి, పెద్దవాళ్ళు ఇండియాలో ఉంటారా అని అడిగాడట. “ఉంటారు. ఈ రోజు మేం ఏదీ కొనం” అంది మరదలు. ఇంకో రెండుసార్లు ఆ మాటే చెప్పాల్సొచ్చింది. చిన్నది అప్పటికే కుర్చీ కింద పడుకుని రంగులు వేస్తోంది.

10.55కి నాకు మెసేజ్ వచ్చింది: “వదినా, బయటికొచ్చేశాం. కార్డు ఇచ్చారు.”

నోట్‌బుక్కులో వాళ్ళ పేరు మీద రెండో వరస: ఖర్చు 149, కార్డు పోను 74. మామూలుగా అయితే రెండు రాత్రుల హోటలు, పన్నుతో 240. మిగులు 166. ఒక్కొక్కరికి గంటా 55 నిమిషాలు. గంటకు 43 డాలర్లు.